గతించినవారికి తరగతి గదిలో ఒక పీఠం

అమెరికా పాఠశాలల్లో విదేశీ భాషల్లోకెల్లా ఎక్కువమంది పిల్లలు నేర్చుకునేది స్పానిష్. అక్టోబరు నెల చివరికొచ్చేసరికి ఆ తరగతి గదుల్లో చాలాచోట్ల ఒక మూల బల్లలు జరిపి, వాటి మీద అట్టపెట్టెలు మెట్లుగా పేర్చి, పైన రంగుల గుడ్డ పరుస్తారు. దాని మీదికి ఒక్కొక్కటే వచ్చి చేరతాయి: కాగితంతో చేసిన బంతిపూలు, చక్కెరతో చేసిన పుర్రెలు, పల్చటి కాగితం కత్తిరించి కట్టిన తోరణాలు, వాటి మధ్య పిల్లల ఇళ్లనుంచి వచ్చిన ఫోటోలు. ఫోటోల్లో ఉన్నవాళ్లు ఇప్పుడు లేరు. తాతలు, అమ్మమ్మలు, ఒక్కోసారి తల్లో తండ్రో, ఒక్కోసారి పెంపుడు కుక్క. ఈ పీఠాన్ని స్పానిష్‌లో ఒఫ్రెందా అంటారు. మెక్సికోలో దియా దె ముయెర్తోస్ అనే పండుగకు, అంటే గతించినవారి పండుగకు, ఇళ్లలో పెట్టే పీఠమే ఇది. భాష నేర్పే గదిలోకి ఇది ఎలా వచ్చింది, అక్కడ ఏం పని చేస్తోంది, ఎక్కడ దారి తప్పుతోంది అన్నది ఈ ప్రసంగ విషయం.

పండుగ నవంబరు 1, 2 తేదీల్లో జరుగుతుంది. మొదటి రోజు చిన్నతనంలో పోయిన పిల్లలకు, రెండో రోజు పెద్దలకు అని చాలా ప్రాంతాల వాడుక. కొన్ని ఊళ్లలో అక్టోబరు 28నే మొదలవుతుంది; ప్రమాదాల్లోనో, హత్యకు గురయ్యో పోయినవారిది ఆ రోజు. పోయినవారు ఏడాదికొకసారి తమవారిని చూసిపోవడానికి వస్తారని నమ్మకం. దూరం నుంచి వచ్చేవారికి దాహం వేస్తుంది కనుక పీఠం మీద గ్లాసుడు నీళ్లు పెడతారు. ఆకలికి వారికి ఇష్టమైన వంటకం, దారి తెలియడానికి దీపం, అలసట తీరడానికి కొన్నిచోట్ల చాప కూడా. మెక్సికో నగరం శివార్లలోని మిస్కిక్‌లో, మిచోవకాన్ రాష్ట్రంలో పాత్స్‌క్వారో సరస్సు మధ్య ఉన్న హనిత్సియో దీవిలో కుటుంబాలు రాత్రంతా కొవ్వొత్తులు వెలిగించుకుని సమాధుల దగ్గరే కూర్చుంటాయి. అక్కడ ఏడుపు తక్కువ, కబుర్లు ఎక్కువ. తెచ్చుకున్న తిండి అక్కడే తింటారు, కొన్ని ఊళ్లలో వాద్యగాళ్లను పిలిపించి పోయినవారికి నచ్చిన పాట పాడిస్తారు.

ఈ పండుగ పుట్టుక గురించి తేలిగ్గా చెప్పే మాటలు చాలా ఉన్నాయి. స్పెయిన్ సేనలు 1521లో అస్తెక్కుల రాజధాని తెనోచ్‌తిత్లాన్‌ను పట్టుకునేనాటికి అక్కడి ప్రజలకు మృతుల కోసం వేరుగా పండుగ నెలలు ఉండేవి. మృతులు చేరే లోకానికి మిక్త్లాన్ అని పేరు, దాన్ని ఏలే రాజూ రాణీ ఉన్నారు. కాథలిక్ మతగురువులు తెచ్చినవి వేరే రెండు దినాలు: నవంబరు 1 సకల పునీతుల పండుగ, నవంబరు 2 సకల ఆత్మల స్మరణ. తేదీలు రెండోవైపువి. ధూపం వేసే కోపాల్ అనే చెట్టు జిగురు, బంతిపూలు, మొక్కజొన్న పిండితో చేసే తమాలెలు ఆ నేలవి. గోధుమ రొట్టె, చక్కెర, కొవ్వొత్తి ఓడలెక్కి వచ్చినవి. దేని వాటా ఎంత అన్నదాని మీద చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మూడు వేల ఏళ్ల అస్తెక్ పండుగ అని పాఠశాలల కరపత్రాల్లో తరచు కనిపించే మాట మాత్రం నిలవదు. అస్తెక్కుల రాజధాని పుట్టిందే 14వ శతాబ్దంలో. ఊరికో పద్ధతిగా సాగిన ఆచారాన్ని 20వ శతాబ్దంలో మెక్సికో ప్రభుత్వం పాఠశాలల ద్వారా, మ్యూజియంల ద్వారా జాతీయ చిహ్నంగా నిలబెట్టింది. అందువల్ల బడిలో పీఠం పెట్టడం అమెరికా టీచర్లు కనిపెట్టిన పని అనుకోనక్కరలేదు. మెక్సికో బడుల్లో అది మామూలే. 2003లో యునెస్కో ఈ పండుగను మానవజాతి మౌఖిక, అమూర్త వారసత్వపు కళాఖండాల్లో ఒకటిగా ప్రకటించింది. 2008లో అది ప్రాతినిధ్య జాబితాకెక్కింది.

పీఠం మీద ముందు కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేది బంతిపువ్వు. మెక్సికోలో దాని పేరు సెంపసూచిల్. వానాకాలం మొదట్లో విత్తి, అక్టోబరు ఆఖరుకు పూత నిండుగా వచ్చేలా సాగు చేస్తారు. ప్యూబ్లా రాష్ట్రం ఈ సాగుకు పేరు పొందింది. రెక్కలు తుంచి వీధి గుమ్మం దగ్గర్నుంచి పీఠం దాకా దారిలా చల్లుతారు. ఆ ఘాటైన వాసన, ఆ పసుపు రంగు పట్టుకుని పోయినవారు ఇల్లు గుర్తుపడతారట. ఈ పువ్వు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. యూరప్ నావికుల రాకపోకలతో లోకమంతా తిరిగి భారతదేశం చేరింది. ఇవాళ సంక్రాంతి గొబ్బెమ్మల మీద, దసరా గుమ్మాలకు, బతుకమ్మ వరసల్లో బంతి లేని ఊరు తెలుగునాట కనిపించదు. అయిదు వందల ఏళ్ల కిందట ఈ నేల మీద ఆ పువ్వే లేదంటే నమ్మడం కష్టం.

తరగతి గదిలో అసలు పువ్వులు దొరకవు, దొరికినా వారం రోజులు నిలవవు. పిల్లలు కాగితంతో చేసుకుంటారు. నారింజ, పసుపు రంగుల పల్చటి కాగితాలు ఆరో ఎనిమిదో ఒకదాని మీద ఒకటి పెట్టి, విసనకర్ర మడతలు వేసి, నడుమ సన్నటి తీగ బిగిస్తారు. రెండు చివరలూ గుండ్రంగా కత్తిరిస్తారు. ఆ తర్వాత ఒక్కో పొరనూ చిరగకుండా పైకి లాగి విడదీయాలి. తొందరపడితే కాగితం చేతికొస్తుంది. పదిహేను నిమిషాలు పట్టే ఈ పనిలో చేతులు తీరిక లేకుండా ఉంటాయి, నోరు ఖాళీగా ఉంటుంది. అనుభవమున్న టీచర్లు సంభాషణ అభ్యాసం ఈ సమయంలోనే పెట్టుకుంటారు. ఎవరి కోసం చేస్తున్నావు, ఆయన ఏం పని చేసేవాడు, ఏ ఊరు అని పక్కనున్నవారిని స్పానిష్‌లో అడగాలి, వాళ్లు స్పానిష్‌లో చెప్పాలి. పాఠ్యపుస్తకంలోని ప్రశ్నలూ ఇవే. కానీ అక్కడ జవాబు ఊహించి చెప్పేది, ఇక్కడ నిజంగా తెలిసినది.

కాగితపు తోరణాల పేరు పపెల్ పికాదో. ప్యూబ్లా రాష్ట్రంలోని శాన్ సాల్వదోర్ విష్‌కొలోత్లా అనే ఊరు వీటికి ప్రసిద్ధి. అక్కడి పనివాళ్లు పదుల కొద్దీ కాగితాలు దొంతరగా పెట్టి, రకరకాల మొనలున్న ఉలులు నిలిపి, సుత్తితో కొట్టి బొమ్మలు దించుతారు. పుర్రెలు, పక్షులు, పువ్వులు, అక్షరాలు ఒకే దెబ్బకు అన్ని కాగితాల్లోనూ పడతాయి. బడిలో ఉలి సాగదు. మడతపెట్టి కత్తెరతో కత్తిరించడంతో సరిపెట్టుకుంటారు. పిల్లల పనితనం ఊరి పనితనానికి దగ్గర్లో కూడా ఉండదు, ఉండాలని ఎవరూ అనుకోరు.

చక్కెర పుర్రె సంగతి వేరు. చెరకు స్పెయిన్‌వారితో వచ్చింది, చక్కెర పాకంతో బొమ్మలు చేసే విద్య కూడా అటునుంచే. మెక్సికోలోని తొలూకా నగరంలో ఏటా ఈ చక్కెర బొమ్మల సంతే జరుగుతుంది. అక్కడ కాగిన పాకాన్ని మట్టి అచ్చుల్లో పోస్తారు. మన పెళ్లిళ్లలో కనిపించే పంచదార చిలకల పద్ధతి గుర్తున్నవారికి ఇదేమీ కొత్తగా అనిపించదు. తరగతిలో పొయ్యి ఉండదు కనుక మరో పద్ధతి. కప్పు చక్కెరకు చెంచాడు నీళ్లు, చెంచాడు గుడ్డు తెల్లసొన పొడి చొప్పున కలిపి, తడి ఇసుకలా అయ్యాక ప్లాస్టిక్ అచ్చులో గట్టిగా అదిమి, అట్ట మీద బోర్లించి, ఒక రాత్రి ఆరబెడతారు. మర్నాటికి రాయిలా గట్టిపడుతుంది. దాని మీద రంగుల చక్కెర ముద్దతో కళ్లచుట్టూ పూరేకులు, బుగ్గల మీద చుక్కలు దిద్దుతారు. నుదుటి మీద ఒక పేరు రాస్తారు. మెక్సికోలో పోయినవారి పేరుతో పాటు బతికున్న స్నేహితుల పేర్లు రాసి ఇచ్చుకోవడం కూడా ఉంది. చావును తిట్టుగా కాక హాస్యంగా తీసుకునే ఆ అలవాటు మొదట చూసేవారికి మింగుడుపడదు.

ఆ హాస్యానికి బొమ్మ కట్టినవాడు హోసే గ్వాదలూపే పొసాదా. 1852లో ఆగ్వాస్‌కాలియెంతెస్‌లో పుట్టాడు. మెక్సికో నగరంలో చవక పత్రికలు, పాటల కాగితాలు అచ్చేసే వనేగాస్ అరోయో దగ్గర లోహపు పలకల మీద బొమ్మలు చెక్కి బతికాడు. ఎముకల గూళ్లు సైకిలు తొక్కడం, నాట్యమాడడం, రాజకీయ ప్రసంగాలు చేయడం అతని బొమ్మల్లో మామూలు. వాటిలో ఒకటి ఈకలు తురిమిన పెద్ద ఫ్రెంచి టోపీ పెట్టుకున్న ఆడ పుర్రె. సొంత మూలాలు దాచుకుని దొరసానుల్లా తిరిగేవారి మీద ఎత్తిపొడుపు అది. 1913లో పొసాదా పేదరికంలోనే పోయాడు. 1920లలో ఫ్రెంచి చిత్రకారుడు జా షార్లో అతని పనిని వెలుగులోకి తెచ్చాడు. 1947లో మెక్సికో చిత్రకారుడు దియేగో రివేరా ఒక హోటల్ గోడ మీద దాదాపు 15 మీటర్ల పొడవున వేసిన చిత్రంలో ఆ పుర్రెకు ఒళ్లూ, గౌనూ, కత్రీనా అన్న పేరూ స్థిరపడ్డాయి. ఒక పక్క పొసాదా ఆమెకు చెయ్యి ఆసరా ఇస్తుంటే, మరో పక్క పిల్లవాడి రూపంలో రివేరా ఆమె చెయ్యి పట్టుకుని ఉంటాడు. 1985 భూకంపంలో హోటల్ దెబ్బతింటే గోడ చిత్రాన్ని తరలించి దానికోసమే ఒక మ్యూజియం కట్టారు. ఇప్పుడు పండుగ రోజుల్లో ప్రతి గోడ మీదా కనిపించే కత్రీనా ఈ ఇద్దరి చేతిది. ఆమెను ప్రాచీన దేవతగా చెప్పే పాఠాలు తప్పు చెబుతున్నట్టే.

అమెరికాలో ఈ పండుగ వీధికెక్కింది 1970ల మొదట్లో. మెక్సికో మూలాలున్న యువతరం తమ హక్కుల కోసం, గుర్తింపు కోసం ఉద్యమిస్తున్న కాలం. తూర్పు లాస్ ఏంజిలిస్‌లో సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్ అనే కళాకేంద్రం, శాన్‌ఫ్రాన్సిస్కోలో గలేరియా దె లా రాసా అనే చిత్రశాల పీఠాలు పెట్టి ఊరేగింపులు, ప్రదర్శనలు నడిపాయి. ఇంట్లో చేసుకునేది అలా కళగా, బహిరంగ ప్రకటనగా మారింది. షికాగోలోని నేషనల్ మ్యూజియం ఆఫ్ మెక్సికన్ ఆర్ట్‌ను 1982లో స్థాపించినవారు కార్లోస్ తొర్తొలేరో, ఆయనతోటి బడిపంతుళ్లు. 1987లో తలుపులు తెరిచినప్పటినుంచీ అక్కడ ఏటా ఈ పండుగ ప్రదర్శన ఉంటుంది, బడి పిల్లలు గుంపులుగా వచ్చి చూస్తారు. లాస్ ఏంజిలిస్‌లో పీఠాలు అలంకరించడంలో అందె వేసిన చేయి ఒఫీలియా ఎస్పార్సాది. తల్లి దగ్గర ఈ విద్య నేర్చుకున్న ఆమె వృత్తిరీత్యా ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు. 2018లో ఆమెకు అమెరికా ప్రభుత్వ కళా సంస్థ జాతీయ వారసత్వ పురస్కారం ఇచ్చింది. ఉద్యమానికీ బడికీ మధ్య దూరం మొదటినుంచీ తక్కువే.

స్పానిష్ పాఠ్యక్రమంలోకి రావడానికి మరో కారణం ఉంది. 1996లో అమెరికాలో విదేశీ భాషల బోధనకు జాతీయ ప్రమాణాలు వెలువడ్డాయి. భాషతో పాటు సంస్కృతి నేర్పాలని, సంస్కృతి అంటే వస్తువులు, ఆచరణలు, వాటి వెనకున్న దృష్టి, ఈ మూడూ కలిపి చూడాలని అవి చెప్పాయి. ఒఫ్రెందాలో మూడూ ఒకచోటే దొరుకుతాయి. చక్కెర పుర్రె వస్తువు, పీఠం పెట్టడం ఆచరణ, పోయినవారితో బంధం తెగదన్నది దృష్టి. టీచర్లకు ఇంత అనువైన పాఠం మరొకటి దొరకడం అరుదు. అనువుగా ఉండడమే దీనికి చేటు కూడా తెచ్చింది. ఆ సంగతి తర్వాత వస్తుంది.

భాష వైపు నుంచి దీని అసలు బలం భూతకాలంలో ఉంది. స్పానిష్‌లో జరిగి అయిపోయినదానికి ఒక క్రియారూపం, అలవాటుగా సాగినదానికి మరో రూపం. ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు ఏళ్ల తరబడి తడబడేది ఇక్కడే. ఏది ఎప్పుడు వాడాలో సూత్రాల పట్టీ కంఠస్థం చేస్తారు, పరీక్ష కాగానే మరిచిపోతారు. పోయినవారి గురించి రాయాల్సి వచ్చినప్పుడు ఈ తేడా దానంతటదే విడిపోతుంది. నసియో, పుట్టాడు, సె కసో, పెళ్లి చేసుకున్నాడు, మురియో, పోయాడు. ఇవి తేదీలున్న సంగతులు, మొదటి రూపం. కొసినాబా, వండేది, కంతాబా, పాడేది, సె లెవంతాబా తెంప్రానో, పెందలాడే లేచేది. ఇవి మనిషి, రెండో రూపం. ఒక జీవితం రాయాలంటే మొదటి రకం వాక్యాలు మూడు నాలుగు చాలు. తక్కినదంతా రెండోదే.

తెలుగు పిల్లలకు ఈ పాఠం సగం వచ్చినట్టే. వండింది, వండేది, తాగాడు, తాగేవాడు అన్న తేడా ఇంట్లో విని పెరిగినవారికి స్పానిష్ భూతకాలంలో వింత ఏమీ కనిపించదు. ఇష్టాయిష్టాలు చెప్పడంలోనూ అంతే. తాతకు కాఫీ ఇష్టం అని తెలుగులో అన్నట్టే స్పానిష్‌లోనూ తాతకు అనే చెప్పాలి: ఆ మి అబుయెలో లే గుస్తాబా ఎల్ కఫే. తాతను కర్తగా పెట్టే అలవాటున్న ఇంగ్లీషు పిల్లలు ఇక్కడ తల కొట్టుకుంటారు. అమెరికాలో పెరిగే తెలుగు పిల్లల్లో స్పానిష్ తీసుకునేవారు తక్కువేం కాదు. ఇంటి భాష ఇక్కడ పనికొస్తుందని వారికి చెప్పేవారే కరువు. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ చదివే తెలుగు విద్యార్థులకూ ఈ వెసులుబాటు ఉంది.

తరగతికంతా ఒకే పీఠం పెట్టడం ఒక పద్ధతి. చెప్పుల డబ్బాలో ఒక్కొక్కరు ఒక చిన్న పీఠం చేయడం మరో పద్ధతి. రెండోదానికే భాష ఎక్కువ పడుతుంది. డబ్బా నిలువుగా పెట్టి, లోపల రంగు కాగితం అంటించి, వెనక గోడకు ఫోటో పెడతారు. ముందు చిన్న చిన్న వస్తువులు. రైల్వేలో పనిచేసిన తాతకైతే బొమ్మ రైలింజను, ఆయన పీల్చే నశ్యం డబ్బీకి మట్టితో చేసిన నమూనా, ఆయన మాటిమాటికీ సరిచూసుకునే గడియారానికి అట్ట ముక్క. ప్రతి వస్తువుకూ ఒక వాక్యం రాసి పక్కన నిలబెట్టాలి. వస్తువు పెట్టి వాక్యం రాయకపోతే మార్కు లేదు. ఇక్కడ పిల్లలకు ఒక చిక్కు వస్తుంది: తాతకు ఏది ఇష్టమో చాలామందికి తెలియదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి అడగాలి, లేదా దూరదేశంలో ఉన్న నాయనమ్మకు ఫోను చేయాలి. వంద పాఠ్యపుస్తకాల్లో లేని సమాచారం ఆ ఫోనులో వస్తుంది. దాన్ని స్పానిష్‌లోకి తేవడానికి నిఘంటువు తెరవక తప్పదు. పదజాలం పెరిగేది అప్పుడే.

సొంత మనుషుల గురించి చెప్పుకోవడం ఇష్టం లేని పిల్లలు ఉంటారు. ఇంట్లో ఎవరూ పోని అదృష్టవంతులూ ఉంటారు. వారికి స్పానిష్ మాట్లాడే లోకంలోని ప్రసిద్ధులను ఎంచుకునే వీలు ఇస్తారు. చిత్రకారిణి ఫ్రీదా కాలో, నవలాకారుడు గాబ్రియెల్ గార్సియా మార్కెస్, క్యూబా గాయని సేలియా క్రూస్ ఎక్కువగా కనిపించే పేర్లు. రొబెర్తో క్లెమెంతే ఇంకా మంచి ఎంపిక. 1934లో ప్యూర్టోరికోలో పుట్టిన ఈ బేస్‌బాల్ ఆటగాడు పిట్స్‌బర్గ్ జట్టుకు 18 సీజన్లు ఆడి సరిగ్గా 3,000 హిట్లు పూర్తి చేశాడు. 1972 డిసెంబరులో నికరాగువా రాజధాని మనాగువాలో భూకంపం వచ్చింది. పంపిన సామగ్రి బాధితులకు చేరడం లేదని విని, డిసెంబరు 31 రాత్రి సహాయ సామగ్రితో తనే విమానమెక్కాడు. విమానం సముద్రంలో కూలింది. అతని దేహం దొరకలేదు. సమాధి లేని మనిషికి పీఠం ఎలా పెట్టాలి? 21 నంబరు చొక్కా, బంతి, సహాయ సామగ్రికి గుర్తుగా అట్టపెట్టెలు పెట్టి, ఆ రాత్రి కథను మొదటి భూతకాలంలో, అతని స్వభావాన్ని రెండో దానిలో రాస్తే పాఠం పూర్తవుతుంది. ప్యూర్టోరికోవారు సంప్రదాయంగా ఈ మెక్సికో పీఠాలు పెట్టరన్నది కూడా టీచరు ఆ సందర్భంలో చెప్పవలసిన మాట.

పండుగలో నవ్వు పాలు కూడా తరగతికి వస్తుంది. కలవేరితా అనే ప్రాసల పద్యాలు మెక్సికో పత్రికల్లో ఏటా వస్తాయి. అవి బతికున్నవారి మీద రాసేవి. మృత్యువు వచ్చి ఫలానా మంత్రిని ఎలా పట్టుకుపోయిందో వేళాకోళంగా చెబుతాయి. బడిలో మంత్రులకు బదులు ప్రిన్సిపాల్, లెక్కల టీచరు దొరుకుతారు. స్పానిష్‌లో క్రియలు ఒకే రకంగా ముగుస్తాయి కాబట్టి ప్రాస కుదరడం తేలిక. రెండో ఏడు చదువుతున్నవారు కూడా నాలుగు పాదాలు అల్లగలరు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మరణం గురించి తరగతిలో మాట్లాడేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పవు. గత నెలలో తండ్రిని పోగొట్టుకున్న పిల్ల ఆ గదిలో కూర్చుని ఉండవచ్చు. రెండు వారాల ముందే ఇళ్లకు ఉత్తరం పంపడం, ఎవరూ బలవంతంగా ఫోటో తేనక్కరలేదని చెప్పడం, చదివి వినిపించడం ఐచ్ఛికంగా ఉంచడం మంచి పద్ధతి. మార్కులు వాక్యాలకు వేయాలి. దుఃఖానికి మార్కులు లేవు. మతం ప్రశ్న కూడా వస్తుంది. ప్రభుత్వ బడిలో మతాచారం జరిపించకూడదు, మతం గురించి నేర్పవచ్చు. 1963లో అబింగ్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు బడిలో ప్రార్థనలా జరిపే బైబిలు పఠనం చెల్లదని తీర్పిస్తూ, లౌకిక విద్యలో భాగంగా మతాన్ని చదవడానికి అడ్డు లేదని కూడా చెప్పింది. అందుకే తరగతి పీఠం దగ్గర ప్రార్థన ఉండదు. నిప్పు కుదరదు కనుక కొవ్వొత్తుల బదులు బ్యాటరీ దీపాలు. కోపాల్ ధూపం వేస్తే పొగ అలారం మోగుతుంది. తాతకు ఇష్టమైనది సారా సీసా అయితే దాని బొమ్మ గీసి సరిపెట్టుకోవాలి. మెక్సికో ఇళ్లలో మాత్రం టెకీలా నిరభ్యంతరంగా పీఠమెక్కుతుంది.

దారి తప్పేది ఎక్కడంటే, బొమ్మ మిగిలి మనిషి పోయినప్పుడు. పుర్రె బొమ్మ అచ్చు వేసిన కాగితాలు పంచి రంగులు నింపమనడం, ముఖానికి పుర్రె రంగు పూసుకుని ఫోటో దిగడం, అక్టోబరు 31న వచ్చే హాలోవీన్‌తో కలిపేసి దయ్యాల పండుగగా చెప్పడం, ఇవి ఏటా చాలా బడుల్లో జరుగుతూనే ఉన్నాయి. ఆ కాగితం మీద ఎవరి పేరూ ఉండదు, ఏ వాక్యమూ ఉండదు. అది చిత్రలేఖనం పీరియడు అవుతుంది, స్పానిష్ పాఠం కాదు. వ్యాపారం కూడా ఈ వైపే లాగుతుంది. 2013లో డిస్నీ సంస్థ తన సినిమా కోసం పండుగ పేరునే ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోబోయి, మెక్సికో మూలాలున్నవారు భగ్గుమనడంతో వెనక్కి తీసుకుంది. ఆ సినిమా 2017లో కోకో అన్న పేరుతో వచ్చి ఆస్కార్ గెలిచింది. ఈ పండుగ గురించి పిల్లలకు తెలిసినదంతా ఇప్పుడు చాలావరకు దానినుంచే. మెక్సికో నగరంలో 2016లో మొదలైన భారీ కవాతుకు ప్రేరణ అంతకుముందు ఏడాది వచ్చిన జేమ్స్ బాండ్ సినిమాలోని తొలి సన్నివేశం. సినిమాలో కల్పించినది ఊళ్లోకి దిగింది. సంస్కృతి ఇలాగే కదులుతుందని సర్దుకోవచ్చు. కానీ ఏది ఎప్పటిదో పిల్లలకు తెలియాలి.

స్పానిష్ మాట్లాడే దేశాలన్నీ మెక్సికో కావు. గ్వాటెమాలాలోని సుంపాంగో, శాంతియాగో సకతేపెకెస్ ఊళ్లలో నవంబరు 1న మనిషికి ఎన్నో రెట్లున్న కాగితపు గాలిపటాలు శ్మశానంలో నిలబెడతారు. ఈక్వడోర్‌లో పసిపాప ఆకారంలో రొట్టె కాల్చి, ఊదారంగు పళ్లరసం వేడిగా తాగుతారు. బొలీవియాలోనూ రొట్టె బొమ్మలున్నాయి. స్పెయిన్‌లో సమాధుల మీద చామంతులు పెట్టి, బాదం ముద్దతో చేసిన మిఠాయి తింటారు; హోసే సొరీయా 1844లో రాసిన డాన్ హువాన్ తెనోరియో నాటకాన్ని ఆ రోజుల్లో ప్రదర్శించడం అక్కడి ఆనవాయితీ. గాలిపటాలకు కావలసినది తరగతిలో ఎలాగూ ఉన్న పల్చటి కాగితమే. ఒక ఏడాది పీఠం పెట్టిన టీచరు మరుసటి ఏడాది గాలిపటం ఎంచుకుంటే స్పానిష్ లోకం ఎంత పెద్దదో పిల్లలకు కొంతైనా అందుతుంది.

తెలుగు ఇళ్లకు పోయినవారిని పిలిచి అన్నం పెట్టడం కొత్త కాదు. తెలంగాణలో పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇస్తారు, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. కోస్తా జిల్లాల్లో సంక్రాంతికి పెద్దలకు కొత్త బట్టలు పెడతారు. నవంబరు 2న తెలుగు కాథలిక్కులు సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు, కొవ్వొత్తులు పెట్టే సమాధుల పండుగ మెక్సికో పండుగకు నేరుగా తోబుట్టువు. రెండింటి తేదీ రోమ్ నుంచి వచ్చినదే. అయినా అమెరికాలో ఉంటున్న తెలుగు తల్లిదండ్రులకు పిల్లలు వచ్చి, తాతయ్య ఫోటో కావాలి, పుర్రెల పక్కన పెడతారు అంటే మనసు ఒప్పకపోవచ్చు. ఒప్పకపోతే పంపనక్కరలేదు, టీచరుకు ఆ మాట చెబితే చాలు. పంపదలిస్తే అసలు పటం పంపవద్దు, జిగురు అంటుకుంటుంది; నకలు తీయించి పంపాలి. దాని వెనక పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, చేసిన పని, ఇష్టమైన వంటకం రాసి ఇస్తే మిగతా వాక్యాలు పిల్లలే రాసుకుంటారు.